హాట్‌బాక్సు మాహాత్మ్యం

గంగాధరరావుకు దేవుడితో సొంత తగాదా ఏదీ లేదు. ఆయన తగాదా అంతా దేవుడి పేరు చెప్పి చేతులు కడుక్కోనివాళ్ళతో.

ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, నలుగురూ తినబోయే పదార్థాన్ని ముందుగా అనుమానించడమే ఆయన వృత్తి. పాలు, కారం, మిఠాయి, ఏది కంటబడినా నాలుకకు రుచి తగలడానికి ముందే మనసుకు సందేహం తగిలేది. పదవీ విరమణ చేసి నాచారంలో ఇల్లు కట్టుకున్నాక పరీక్షకు నమూనాలు రావడం మానేశాయి గాని, అనుమానం మాత్రం పింఛనుతో పాటు నెలనెలా అందుతూనే ఉంది. ఉప్పల్ చౌరస్తాలో చెరకురసం బండి దాటేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. పెళ్ళికి వెళితే వధూవరులను దీవించి, వంటవాడి గోళ్ళు చూసి, ఇంటికి వచ్చి మజ్జిగన్నం తినేవాడు.

ఆయన భార్య అనంతలక్ష్మికి కాపురానికి వచ్చిన నాటినుంచీ ఒకటే కోరిక. మొగుడి పక్కన పీటల మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేసుకోవాలి. ఆయన ససేమిరా అన్నాడు. గృహప్రవేశంనాడు పాలైనా ఆమెను సరిగా పొంగించనివ్వలేదు. "పొంగితే సగం పొయ్యి పాలవుతుంది, మరిగితే చాలు" అని సరిగ్గా గిన్నె అంచుదాకా వచ్చాక మంట తగ్గించేశాడు.

ఆ వేసవిలో వాళ్ళ నవజ్యోతి కాలనీ బోరులో నీళ్ళు పడ్డాయి. అంతకు ముందు వేసిన బోర్లు దుమ్ము తప్ప మరేమీ కక్కలేదు కనుక, ఇది దైవకృపేనని కాలనీ అంతా ఏకగ్రీవంగా నమ్మింది. నమ్మకానికి నాయకుడు సంఘం కార్యదర్శి దామోదర్. ఉప్పల్‌లో పుట్టి పెరిగినవాడు, రైల్వే వర్క్‌షాపు ఉద్యోగి, భారీ మనిషి. ఆయన గొంతుకు మైకు అవసరం లేదు. ఆయన ఆకలికి విస్తరి చాలదు. సంఘం హాలులో సామూహిక వ్రతం, ఆ తర్వాత భోజనాలు అని ఆయన ప్రకటించగానే గంగాధరరావు లేచాడు.

"ఇంత ఎండలో, ఇంతమంది చేతుల మీదుగా పంచామృతం పంచడం ప్రమాదమయ్యా దామోదర్. పాలు, పెరుగు, తేనె, మగ్గిన అరటిపండు. నేనే సూక్ష్మజీవినై పుడితే ఇంతకన్నా మంచి విందు కోరుకోను."

"ప్రసాదంకు పురుగు వట్టది సార్. తాతల కాలం సంది తింటున్నం. ఎవలకన్న ఏమన్న అయిందా?"

"అయినవాళ్ళు మర్నాడు వచ్చి నీకు చెబుతారా?"

కాలనీకంతటికీ పెద్ద దిక్కయిన శారదమ్మ ముందు వరుసలోంచి వేలు చూపించింది. "గట్లనకు బిడ్డా. వ్రతం కథల ఏమున్నది? షావుకారి బిడ్డె ప్రసాదం ఇడిసి ఉరికినందుకు మొగని పడవ నీళ్ళల్ల మునగలేదా?"

"నాకు పడవ లేదు కదమ్మా. ఉన్నా, నాచారంలో మునగడానికి నీళ్ళెక్కడివి?"

హాలంతా గొల్లుమంది. దామోదర్ కూడా నవ్వాడు గాని, నవ్వు పూర్తికాక ముందే ముఖం గంభీరం చేసుకున్నాడు. "అయితే ఒక మాట సార్. మీరు ప్రసాదం తినకుంటె తినకుర్రి. తినకుంట ఉండి మీకు గిట్ల ఏమన్న అయితే?"

"మా ఇంట్లోనే వ్రతం చేస్తాను. పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చుంటాను." ఆవేశంలో ఆడిన మాటకు ఆయన వెంటనే రెండో అంచు కూడా కట్టాడు. "మరి ప్రసాదం తిన్నవాళ్ళలో ఒక్కడికైనా వాంతో విరేచనమో అయితే, ఇకమీదట ఈ హాలులో ప్రసాదం ఉండదు. దాని స్థానంలో ఆహార పరిశుభ్రత మీద నా ఉపన్యాసం ఉంటుంది."

"అమ్మో!" అన్నాడు వెనక ఎవడో. అయినా పందెం ఖాయమైంది. ఆడవాళ్ళ వరుసలో అనంతలక్ష్మి కొంగుతో నోరు మూసుకుంది. అది మొగుడికి ఏమవుతుందోనన్న భయమో, ఏమీ కాదేమోనన్న భయమో గంగాధరరావుకు అంతుబట్టలేదు.

శాస్త్రీయ దృష్టి కలవాడు యుద్ధానికి సిద్ధమై వెళ్ళాలి. గంగాధరరావు ఆయుధం హాట్‌బాక్సు. పదవీ విరమణనాడు సహోద్యోగులు బహూకరించినది. బయట ఎర్ర ప్లాస్టిక్కు, లోపల స్టీలు, మూత తిప్పితే బిగుసుకునేది. ఆ ఇంట్లో సోఫాకు లేని మర్యాద దానికి ఉండేది. వ్రతానికి ముందురోజే ఆయన భార్యను పిలిచి, "రేపు పొద్దున్న నువ్వు హాలులో పనిలో ఉంటావు. నా అన్నం ఇవాళ సాయంత్రమే వండి దీనిలో పెట్టెయ్యి" అన్నాడు.

"నిన్నటి అన్నం తినే ఖర్మేమిటండీ? పొద్దున్నే ఓ గుప్పెడు బియ్యం పడేస్తాను."

"అక్కర్లేదు. పొద్దున్న నేనే మళ్ళీ ఆవిరి పట్టిస్తాను. నూరు డిగ్రీలు. అక్కడ ఏ సూక్ష్మజీవైనా హరీ అనాల్సిందే."

"పోనీలెండి. ఆ వంకనైనా మీ నోట హరి అన్నారు" అని ఆమె బియ్యం కడగడానికి వెళ్ళింది.

మర్నాడు హాలులో పూజ ఘనంగా సాగింది. వంటవాడు కొలిమి లాంటి పొయ్యి దగ్గర చెమట తుడుచుకున్న తువాలుతోనే గరిటె తుడవడం గంగాధరరావు కళ్ళారా చూశాడు. పులిహోర మీద ఈగలు చేసిన ప్రదక్షిణాలూ చూశాడు. ప్రసాదం పళ్ళెం తన దాకా వచ్చినప్పుడు ఎంతో మర్యాదగా చేతులు జోడించి, "క్షమించాలి" అన్నాడు. ఆ తర్వాత పంక్తికి దూరంగా కుర్చీ వేసుకుని, వేడినీళ్ళతో కడిగి తెచ్చుకున్న చెంచా తీసి, హాట్‌బాక్సు మూత తిప్పాడు. ఆవిరి లేచింది. అన్నంలో ఇంటి పెరుగు కలిపాడు.

పులిహోర, బూరెలు, పప్పు, పాయసం ముగించి, ఇంకా ఏమైనా మిగిలిందా అని హాలు కలియజూస్తున్న దామోదర్ ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, మీ సైన్సు బువ్వ జర మాకు గూడ పెట్టుర్రి. రుచి సూస్త."

గంగాధరరావు పొంగిపోయాడు. మతం మారాలనుకున్నవాడికి తీర్థం పోసినంత శ్రద్ధతో దామోదర్ ఆకులో పెరుగన్నం వడ్డించాడు. దామోదర్ గుటుక్కున మింగి, మళ్ళీ పెట్టించుకుని, "మంచిగనే ఉన్నది గని, ఉప్పు తక్కువున్నది సార్. సైన్సుల ఉప్పుండదా?" అన్నాడు.

భోజనాలయ్యాక, అందరూ వక్కపొడి నములుతూ గోడలకు చేరగిలబడ్డ వేళ, మంచి మనసుతోనో మంచి నిద్ర కోసమో తెలియదు గాని, దామోదర్ లేచి ప్రకటించాడు. "ఇప్పుడు రావు సార్ మనకు పురుగుల గురించి నాలుగు మాటలు సెప్తడు. సప్పట్లు కొట్టుర్రి." చప్పట్లు పడగానే దామోదర్, కడుపు మీద చెయ్యి వేసుకుని, డ్యూటీ ఉందని గొణుగుతూ బయటికి జారుకున్నాడు. ఆదివారంనాడు డ్యూటీ ఏమిటని ఎవరికీ తట్టలేదు.

గంగాధరరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఉపన్యాసం ఎప్పటిలాగే క్రమబద్ధంగా గోళ్ళతో మొదలై, ఈగల కాళ్ళ మీదుగా, నిలవ పాలలోకి ప్రవేశించింది. నుదుటి మీద చెమట పోస్తున్నా అది ఎండకేననుకున్నాడు. నాలుక కింద నీళ్ళూరుతున్నా అది వాగ్ధాటి అనుకున్నాడు.

"కాబట్టి మిత్రులారా, భయపడవలసినది దేవుడికి కాదు, దుమ్ముకు. శాస్త్రీయంగా తిన్నవాడికి ఏ భయమూ లేదు. ఉదాహరణకు నన్ను చూడండి."

అందరూ చూశారు. సరిగ్గా ఆ క్షణంలోనే ఉదాహరణ రెండు చేతులతో నోరు మూసుకుని, పక్కనున్న పులిహోర బకెట్టు మీదికి వంగింది. బకెట్టు ఖాళీదే కావడం ఒక్కటే ఆనాడు గంగాధరరావుకు దక్కిన అదృష్టం.

ముందు వరుసలోంచి శారదమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

"మునిగింది పడవ."

మర్నాడు ఉదయం గంగాధరరావు మంచం మీద, చెంత సత్తు బేసినుతో, కాలనీకి దర్శనమిచ్చాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు విభూతి తెచ్చారు, నిమ్మకాయలు తెచ్చారు, ఒకరైతే నేరుగా వ్రతానికి కావలసిన మామిడాకులే తెచ్చారు. అనంతలక్ష్మి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఒక చేత్తో తాగిస్తూ, రెండో చేత్తో గోడ మీది కాలెండరు తిప్పుతోంది.

"శుక్రవారం పౌర్ణమి వచ్చిందండీ."

"నీకు నా ఆరోగ్యం ముఖ్యమా, పౌర్ణమి ముఖ్యమా?"

"రెండూ శుక్రవారానికి కుదురుతాయి."

ఆయన కళ్ళు మూసుకుని, విచారణ ప్రారంభించాడు. జరిగిన దానికి ఎన్ని కారణాలు సాధ్యమో అన్నిటినీ పక్షపాతం లేకుండా పరిశీలించడం ఆయన నియమం. కలరా అయితే విరేచనాలుండాలి. ఎండదెబ్బ అయితే జ్వరముండాలి. ఇక నిష్పాక్షికత కోసం దేవుణ్ణి కూడా అనుమానితుల వరుసలో నిలబెట్టాడు. అప్పుడే గుమ్మంలోకి దామోదర్ భార్య సారలమ్మ వచ్చింది. ఆయన మోచేతి మీద లేచాడు.

"అమ్మా సారలమ్మా, ఎదురింటి డేనియల్ గారి కుటుంబంలో ఎవరూ నిన్న ప్రసాదం తినలేదు. వాళ్ళంతా నిక్షేపంగా ఉన్నారు. ప్రసాదం మానినందుకే శిక్ష అయితే, వాళ్ళకెందుకు పడలేదు?"

సారలమ్మ క్షణమైనా ఆలోచించలేదు. "గాళ్ళది వేరే డిపార్ట్‌మెంట్ సార్. మీ ఫైలు ఈడ ఉన్నది."

గంగాధరరావు మళ్ళీ వాలిపోయాడు. సారలమ్మ అనంతలక్ష్మిని పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. కాని రైల్వే ఇంట్లో తగ్గించిన గొంతు కూడా పక్కింటికి వినిపిస్తుంది.

"అక్కా, గా ఉప్పు చక్కెర నీళ్ళు ఎట్ల కలుపుతరో జర సెప్పవా?"

"ఎవరికి సారలమ్మా?"

"మా ఇంటాయనకే. నిన్న హాలుల నుంచి వచ్చిన సంది ఒకటే కక్కుడు. ఎవ్వలకు సెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్నడు."

మంచం మీది రోగి మంచం దిగడం, లుంగీ బిగించడం, చెప్పులు ఎడమది కుడికి తొడుక్కోవడం రెప్పపాటులో జరిగిపోయాయి. అనంతలక్ష్మి "ఏమండీ!" అనే లోపల ఆయన దామోదర్ ఇంటి గుమ్మంలో ఉన్నాడు.

దామోదర్ నులకమంచం నిండా పరుచుకుని, తల మీద తడి తువాలు వేసుకుని ఉన్నాడు. గంగాధరరావును చూడగానే తువాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

"ఎవలు సెప్పిన్రు సార్?"

"ఎవరు చెబితేనేం? ప్రసాదం తిన్నవాళ్ళలో ఒక్కడికైనా వాంతి అయితే పందెం ఎవరిది?"

"మీ కాళ్ళు మొక్కుత, బయట సెప్పకుర్రి. ప్రసాదం తిని కక్కిన సెక్రెటరీ అంటరు. నా ఇజ్జత్ పోతది, దేవుని ఇజ్జత్ పోతది. మీది ఎట్లన్న పోయిందాయె, మీకేం ఫికర్?"

గంగాధరరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గెలుపు ఇంత దగ్గరగా వచ్చి ఒళ్ళో కూర్చోవడం ఆయన జీవితంలో అరుదు. ఈ ఒక్క వాంతి సంగతి బయటపెడితే చాలు. పీటలు లేవు, పట్టుపంచె లేదు, హాలు నిండా జీవితాంతం ఆయన ఉపన్యాసాలే. పెదవి మీదికి నవ్వు రాబోయింది. కాని ఏళ్ళ తరబడి నమూనాలు చూసిన బుర్ర నవ్వును ఆపి ఒక ప్రశ్న వేసింది. ప్రసాదం కాలనీ అంతా తిన్నది. పడిపోయినవాడు వీడొక్కడే ఎందుకు?

"దామోదర్, నిన్న నువ్వు తిని, మిగిలినవాళ్ళు తిననిది ఏమైనా ఉందా?"

"నేను తిననిది అడుగుర్రి సార్, జల్ది సెప్పొచ్చు." దామోదర్ తువాలు పక్కకు జరిపి ఆలోచించాడు. "అందరు తిన్నదే తిన్న. మీ పెరుగన్నం గూడ తిన్న."

గంగాధరరావు మనసులోనే లెక్క కట్టాడు. ముందురోజు అన్నం. రాత్రల్లా హాట్‌బాక్సులో నులివెచ్చగా, పొదిగే కోడి కింద గుడ్డులా. అన్నం గింజల్లో పెరిగే ఒక సూక్ష్మజీవికి అంతకు మించిన పుట్టిల్లు లేదు. అది పెరిగి, విషం కక్కుతుంది. పొద్దున్న ఆవిరి పట్టిస్తే జీవి చస్తుంది. విషం చావదు. నూరు డిగ్రీలకు దానికి చెమటైనా పట్టదు. ఈ సంగతి ఆయనకు తెలియనిదా? కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగులకు నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్పేవాడు. చెప్పిన పాఠం హోటళ్ళకు వర్తిస్తుందనుకున్నాడు గాని, తన ఎర్రడబ్బాకు వర్తిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

సంగతంతా విని దామోదర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "అంటే, నన్ను సంపింది మీరేనా?"

"చంపలేదు. వాంతి చేయించాను. మాటలు సరిగా వాడాలి."

"గిప్పుడు ఏం జేద్దాం సార్?"

ఏం చేయాలో గంగాధరరావుకు అప్పటికే తెలుసు. అదే ఆయన దుఃఖం. సగం నిజం చెబితే గెలుపు. మొత్తం చెబితే, ఈగలు ప్రదక్షిణం చేసిన ప్రసాదం కాలనీని క్షేమంగా వదిలిందనీ, శాస్త్రం ఇద్దరిని పడగొట్టిందనీ ఒప్పుకోవాలి. తన జీవితంలో ఏ నమూనాకూ ఆయన సగం నివేదిక రాయలేదు.

సాయంత్రం కొత్త బోరు నీళ్ళు వదిలే వేళకు కొళాయి దగ్గర కాలనీ అంతా బిందెలతో పోగయింది. వ్రతం ముహూర్తం మాట్లాడడానికి పురోహితుడు శాస్త్రిగారు కూడా వచ్చాడు. గంగాధరరావు తిరగేసిన ఒక గంగాళం ఎక్కి నిలబడ్డాడు. పక్కన దామోదర్ పెళ్ళికూతురిలా తల దించుకుని నిలుచున్నాడు.

"నిన్న దామోదర్‌కు కూడా వాంతులయ్యాయి" అన్నాడు గంగాధరరావు. జనంలో కలకలం. "ఆగండి. అతని వాంతికి ప్రసాదం కారణం కాదు. నా వాంతికి దేవుడు కారణం కాదు. రెండింటికీ నా హాట్‌బాక్సే కారణం."

"గా అన్నంల ఆవిరి లేసింది గదా సార్?" అని ఎవరో అడిగారు.

ఆయన వీలైనంత తేలికగా, వీలైనంత కచ్చితంగా వివరించాడు. "అన్నాన్ని అలా గోరువెచ్చగా వదిలేస్తే ఒక జీవి పుట్టుకొస్తుంది. అది తన పని తాను చేసి విషం మిగులుస్తుంది. మనం నిప్పు మీద పెడితే చేసినవాడు చస్తాడు. కాని చేసింది పోదు. నిప్పు కూడా దాన్ని కాల్చలేదు. తిన్నవాడు అనుభవించి తీరాలి."

శాస్త్రిగారి కళ్ళు చెమర్చాయి. ఉత్తరీయం సవరించుకుని ఆయన గంగాళం దగ్గరికి వచ్చాడు.

"రావుగారూ, కర్త పోయినా కర్మ పోదు, అనుభవించి తీరాలి. ఇదే కదండీ మేము తరతరాలుగా మొత్తుకునేది! ఇంత సులభంగా మా గురువుగారు కూడా చెప్పలేదు."

"కర్మ కాదండీ, విషం! దానికో రసాయన నిర్మాణం ఉంది!"

"ఉండకేం? మహా బలమైన నిర్మాణం!"

జనం చప్పట్లు కొట్టారు. ఉపన్యాసాలిచ్చిన ఇన్నేళ్ళలో గంగాధరరావుకు అటువంటి చప్పట్లు ఎన్నడూ పడలేదు. శారదమ్మ ముందుకు వచ్చి ఆయన నెత్తిన అక్షింతలు వేసింది. దామోదర్ మాత్రం ఆయన చెవిలో, "పందెం రద్దు జేద్దాం సార్. మీరు నా ఇజ్జత్ కాపాడిన్రు" అన్నాడు.

గంగాధరరావు కొళాయి వైపు చూశాడు. అనంతలక్ష్మి బిందె నిండి పొర్లిపోతోంది. ఆమె దాన్ని చూడడం లేదు, ఆయన్నే చూస్తోంది.

"రద్దు లేదు" అన్నాడు ఆయన. "ప్రసాదం తిన్నందుకు ఎవరికీ ఏమీ కాలేదు. తిననివాడికి అయింది. శుక్రవారం అందరూ మా ఇంటికి రండి. గోళ్ళు తీసుకుని రండి."

ఆ శుక్రవారం నాచారంలో జరిగినంత పరిశుభ్రమైన వ్రతం మరెక్కడా జరిగి ఉండదు. గుమ్మం దగ్గర సబ్బు, చెంబు, తువాలు. శాస్త్రిగారి గోళ్ళు కూడా తనిఖీ అయ్యాయి. రవ్వ ప్రసాదం గంగాధరరావు కళ్ళ ముందే, అప్పటికప్పుడే ఉడికింది. హాట్‌బాక్సులో ఇప్పుడు రబ్బరు చెప్పుల జత పెట్టి అటక మీద ఉంచారు. పట్టుపంచెలో గంగాధరరావు, ఎవరో బలవంతాన కట్టేసిన పార్సెల్‌లా పీట మీద కూర్చున్నాడు. పక్కన అనంతలక్ష్మి ముఖం దీపానికి పోటీగా వెలుగుతోంది. ఇద్దరికీ కొంగుముడి వేశారు. ఆయన కథలో ఎక్కడా అడ్డు తగలలేదు. పడవ మునిగిన చోట మాత్రం శారదమ్మ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

హారతి అయింది. ప్రసాదం పంచడానికి అనంతలక్ష్మి గిన్నె చేతిలోకి తీసుకుంది. అప్పుడు వెనక వరుసలో డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. గంగాధరరావు మెడ తిప్పి చూశాడు. దామోదర్ ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా.

"ఏమయ్యా దామోదర్, ఏమిటది?"

"ఏమనుకోకుర్రి సార్. ప్రసాదం తింట, ఎంత వెట్టినా తింట. గని మీ ఇంట్ల బువ్వ మాత్రం ముట్ట. ఒక్కపారి సాలు. మా ఇంటి బువ్వ నేనే తెచ్చుకున్న."

అందరూ నవ్వారు. గంగాధరరావు నవ్వలేదు. "ఎప్పుడు వండారది?"

సారలమ్మ గర్వంగా జవాబు చెప్పింది. "నిన్న రాత్రే వండిన సార్. పొద్దుగాల మంచిగ ఆవిరి పట్టిచ్చిన. మీ లెక్కనే!"

గంగాధరరావు పీట మీదనుంచి లేచాడు.

"లేవకూడదు! ప్రసాదం పుచ్చుకోకుండా లేవకూడదు!" అని శాస్త్రిగారు కేక పెట్టాడు.

"ఉరుకకు బిడ్డా! పడవ!" అని శారదమ్మ రెండు చేతులూ ఎత్తింది.

దామోదర్ అప్పటికే ముద్ద కలిపాడు. గంగాధరరావు పట్టుపంచె ఎగగట్టి, జనం కాళ్ళ మీదుగా దూకుతూ పరుగందుకున్నాడు. కొంగుముడి ఉంది కనుక అనంతలక్ష్మి కూడా ప్రసాదం గిన్నెతో వెనకే పరుగెత్తింది. ఆయన అరవడానికి నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా అలాంటి అదను కోసం కాచుకున్న మనిషిలా ఆమె, పరుగు ఆపకుండానే, గిన్నెలోంచి గుప్పెడు తీసి ఆ తెరిచిన నోట్లో కుక్కింది.

ముద్ద దామోదర్ పెదాల దాకా వచ్చేసింది. నోట్లో ఉన్నది మింగితేగాని గంగాధరరావుకు మాట వచ్చేలా లేదు.

మింగాడు.

"ఆ డబ్బా ఇలా పడెయ్యవయ్యా!"